చెఱకు క్రింది అడవి

మారిషస్ ద్వీపమునకు ప్రకృతిని చూడబోవు యాత్రికుడు మొట్టమొదట పొందునది యొక భ్రాంతి. రేవు విడిచినది మొదలు దారి కిరువైపుల కనుచూపుమేర పచ్చదనమే. నడుమ నడుమ మొనదేలిన నల్లని కొండలు, వాని వెనుక నీలిసముద్రము. ఇదిగదా వనభూమి యని యాతడు ముఱిసిపోవును. కాని యాతడు చూచుచున్నది చాలవఱకు వనము కాదు, చెఱకు. ఒకనాడు ఆ దీవిని దాదాపు పూర్తిగా కప్పియున్న యరణ్యమున చెడక మిగిలినది నేడు నూటికి రెండుపాళ్లయినను లేదు. అది యెట్లు పోయినదో, మిగిలినది యెక్కడ తలదాచుకొన్నదో తెలియనిచో ఆ దీవిని చూచియు చూడనట్లే.

మడగాస్కరునకు తూర్పుగా ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, అగ్నిపర్వతములు సముద్రగర్భమునుండి పైకి లేవగా పుట్టిన దీవి యిది. వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు. ఏ ఖండముతోడను దీనికి ఎన్నడును నేలబంధము లేదు. కావున ఎగిరి రాగలిగినవి, కెరటములమీద కొట్టుకొని రాగలిగినవి మాత్రమే యిచట చేరినవి. పాలిచ్చు జంతువులలో గబ్బిలములు తప్ప మఱియొకటి నేలమీద తిరుగలేదు. పిల్లి లేదు, నక్క లేదు, తుదకు ఎలుకయైనను లేదు. శత్రువు లేనిచోట రెక్కలతో పని యేమి? పావురముల కుటుంబమునకు చెందిన యొక పక్షి తరతరములుగా ఎగురుట మఱచి, బరువెక్కి, నేలమీదనే బ్రదుక నేర్చినది. అదియే డోడో. మనదేశమున పశువులు చేయు మేతపనిని అక్కడ రెండుజాతుల పెనుతాబేళ్లు చేసినవి. మన బీడీయాకుల తునికిచెట్టునకు జ్ఞాతియైన ఎబొనీ వృక్షము నల్లని చేవతో అడవులనిండ నిలిచియుండెను. ఆ దీవికి స్వతస్సిద్ధములైన పూలమొక్కల జాతులు సుమారు 690 కాగా, అందు 270కి పైగా ప్రపంచమున మఱియెక్కడను లేవు.

అరబ్బు నావికులకును, పిదప పోర్చుగీసులకును ఈ దీవి తెలియును గాని వారిచట కాపురముండలేదు. 1598లో డచ్చివారు దిగి, తమ రాజకుమారుడగు మారిస్ పేర దీనిని పిలిచిరి. 1638లో వలస నిలిపిరి. వారు చంపి తిన్న డోడోలకంటె, ఓడలతో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు పాడుచేసిన గ్రుడ్లే ఆ పక్షికి ఎక్కువ ముప్పు తెచ్చెనని నేటి శాస్త్రజ్ఞులలో పెక్కుమంది తలంతురు. ప్రాణముతోనున్న డోడోను మనుష్యుడు చూచిన కడపటి సంవత్సరము 1662 అని సామాన్యముగ నొప్పుకొనుచున్నారు. వలస నిలిచి పాతికయేండ్లు గడువలేదు! జావానుండి చెఱకును, జింకలను 1639లో తెచ్చినవారును వీరే. ఎబొనీని నఱికి ఓడల కెక్కించి, 1710లో దీవిని వదలి వెళ్లిపోయిరి.

పిదప వచ్చిన ఫ్రెంచివారిలో పియెర్ ప్వావ్ర్ అను నధికారి 1767 మొదలు 1772 వఱకు పరిపాలన నెరపెను. అడవి పోయినచో వాన తగ్గును, నేల కొట్టుకొనిపోవునని యాతని నమ్మకము. ప్రతివాడును తన భూమిలో నాలుగవ వంతు అడవిగా నుంచితీరవలెనని 1769లో శాసనము వెలువడెను. రెండున్నర శతాబ్దముల క్రిందటి మాట యిది. శాసనము మంచిదే. లాభము ముందు ఎన్నాళ్లు నిలువగలదు?

ఈ కాలముననే కొమ్మెర్సొన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు బూగన్విల్ నాయకుని యోడలో 1768లో ఇచటికి వచ్చెను. మన యింటి గుమ్మములమీద ప్రాకు కాగితపుపూల తీగకు ఆ నాయకుని పేరే నిలిచినది. కొమ్మెర్సొన్‌కు పరిచారకుడై, కొండలెక్కి మొక్కలు మోసిన "యువకుడు" నిజమునకు ఝాన్ బారె అను స్త్రీ. ఆడువారు రాజనౌకల నెక్కరాదను నియమమువలన ఆమె పురుషవేషము ధరింపవలసి వచ్చెను. కొమ్మెర్సొన్ 1773లో ఈ దీవియందే మరణించెను. ఆమె మాత్రము ఫ్రాన్సు చేరి, భూమిని చుట్టివచ్చిన మొదటి స్త్రీ యైనది. కొమ్మెర్సొన్ పేర మొక్కలు అనేకము లుండగా, ఆమె పేర నొక మొక్కజాతికి నామకరణము జరుగుటకు 2012వ సంవత్సరము రావలసివచ్చెను. అదియు మన వంకాయకు బంధువు!

1810లో దీవి ఆంగ్లేయుల వశమైనది. 1835లో బానిసత్వము రద్దు కాగా తోటదొరలకు కూలీలు కావలసివచ్చిరి. అంతకు ముందటియేడే మొదలైన ఒప్పందపు కూలి పద్ధతిక్రింద, 20వ శతాబ్దపు తొలియేండ్ల వఱకు సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు అక్కడికి పోయిరి. మన గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి ఓడ లెక్కిన తెలుగువారికి అచట "కోరంగీలు" అనియే పేరు వచ్చినది. (1839 నాటి తుఫానులో దెబ్బతిన్న యా కోరంగి నేడు మడ అడవులకు, నీరుపిల్లులకు అభయారణ్యము.) అడవి నఱికి చెఱకు నాటుట ఈ కాలముననే అతివేగముగ సాగెను. గొడ్డలి పట్టినవారిలో మనవారును ఉండిరి. పట్టించినది ఎవరి లాభమో చెప్పనక్కఱలేదు. ఆ చెట్టు నిలుచుటయో కూలుటయో నిర్ణయించు హక్కు వారికి లేకుండెను. అయినను మన పూర్వుల కష్టమును కొనియాడునప్పుడు ఆ కష్టము కూల్చినదానిని దాచుట చరిత్ర కాదు.

డోడోను మరల వెలికి తీసినదియు కూలీలే. 1865లో మహేబూర్ పట్టణపు ఉపాధ్యాయుడు జార్జి క్లార్కు, "మార్ ఓ సోంజ్" అను చేమల మడుగునందు వెదకించెను. కూలీలు బురదలో దిగి వట్టి పాదములతో తడవి యెముకలను కనుగొనిరి. మడుగు నడుమ లోతైనచోట అల్లుకొన్న తుంగను కోసివేసినపిమ్మట అవి రాసులుగ దొరకినవి. లోకమునందలి మ్యూజియములలో నేడు నిలిచియున్న డోడో అస్థిపంజరములలో చాల భాగము ఆ మడుగువే. క్లార్కు పేరు గ్రంథముల కెక్కినది. ఆ పాదములు ఎవరివో ఎక్కలేదు.

మఱుసటియేడు మలేరియా పెనుజాడ్యమై వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. ఆ దోమలను చంపుటకై 1940ల చివర డీ.డీ.టీ. చల్లిరి. జనులు బ్రదికిరి, దానికి సంతసింపవలసినదే. కాని ఆ విషము బల్లులలో, చిన్నపిట్టలలో చేరి, వానిని తిను చిఱుడేగకు చేటయ్యెను. అడవి ముందే తరిగియుండగా ఇది తోడై, 1974 నాటికి అడవిలో తెలియవచ్చిన చిఱుడేగలు నాలుగే. అప్పటికి లోకమునం దింతకంటె అరుదైన పక్షి లేదనిరి.

మనము ముద్దుచేయు జీవులే అక్కడ శత్రువులగుట మఱియొక వింత. మిడుతలకై తెచ్చిన గోరువంక, ఎలుకలకై 1900 ప్రాంతమున తెచ్చిన ముంగిస, పంజరమునుండి తప్పించుకొన్న మన రామచిలుక, అన్నియు పరదేశులే. మన రామచిలుక ఆ దీవి చిలుకకు చెట్టుతొఱ్ఱ దక్కనీయదు. బ్రెజిలునుండి వచ్చిన చిన్న జామ అడవినిండ ప్రాకి స్వదేశపు మొలకలకు వెలుగు సోకనీయదు. యాత్రికుడు ఆ పండ్లను కోసి ఇష్టముగ తినును!

1979లో కార్ల్ జోన్స్ అను వేల్సు దేశీయుడు అక్కడికి చేరెను. డేగ పెట్టిన మొదటి గ్రుడ్లను తీసి పొదిగించినచో అది మరల పెట్టును. ఇట్లు సంతతిని పెంచి, అడవిలో విడిచి, ఎలుకపిల్లల నాహారమిచ్చి నిలిపిరి. నేడు డేగలు వందలలో నున్నవి. 1990 ప్రాంతమున పదింటికి దిగిన గులాబిరంగు పావురములును వందలైనవి. కొండలోయలందు 1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ జాతీయవనమున యాత్రికుడు వీనిని చూడవచ్చును.

ఇచట ఒక హెచ్చరిక. టాంబలకోక్ అను చెట్టు గింజ డోడో కడుపునబడి వచ్చినగాని మొలవదనియు, డోడో పోయిన పిదప మొలవక పదుమూడు ముసలిచెట్లే మిగిలినవనియు 1977లో స్టాన్లీ టెంపుల్ వ్రాసెను. మార్గదర్శకులు నేటికిని ఈ కథ చెప్పుచుందురు. కాని పిమ్మట వెదకినవారికి వందలకొలది చెట్లును, వానిలో లేతవియు కనబడినవి. కథ అందముగ నున్నంతమాత్రమున నమ్మరాదు.

దీనికంటె గట్టి ఋజువున్న ముచ్చట మహేబూర్ ఎదుటి ఎగ్రెట్ దీవియందున్నది. పగడపుఱాతి దీవి, పాతిక హెక్టారులు. ఎలుకలను తొలగించి, కలుపు పెఱికి, పోయిన పెనుతాబేళ్లకు బదులుగా ఆల్డాబ్రా తాబేళ్లను 2000లో తెచ్చిరి. అవి తిని విడిచిన ఎబొనీ గింజలు మేలుగా మొలకెత్తుచున్నవని 2011లో ప్రకటించిరి. 2020 జూలై 25న వాకాషియో అను ఓడ సమీపపు పగడపుదిబ్బ నెక్కి, ఆగస్టులో సుమారు వేయి టన్నుల నూనె కక్కినప్పుడు, సంరక్షకులు అచటి బల్లులను, నారుమొక్కలను పడవలలో నెక్కించి తరలించిరి.

క్యూర్‌పీప్ పట్టణపు తోటలో సన్నని పోకచెట్టువంటి చెట్టొకటి కలదు. ఆ జాతిలో లోకమున తెలిసినది అదొక్కటే. మగపూలు ముందు విచ్చి రాలును. ఆడుపూలు పిదప విచ్చును. మనుష్యులు పూనుకొని మొలిపింపజేసిన యత్నములు పలుమారు విఫలమైనవి. చాలమంది యాత్రికులు దానిని మామూలు పోకచెట్టే యనుకొని దాటిపోవుదురు.