పాత రికార్డు గొంతు

చలనచిత్రములలో వెనుకటి కాలపు రేడియోను గాని గ్రామఫోనును గాని చూపినపుడు, అందుండి వచ్చు గొంతు ఒక ప్రత్యేకమైన తీరున వినవచ్చును. అది కొంత ముక్కుతో పలికినట్లును, రేకుడబ్బా నుండి వచ్చినట్లును, గరగరలాడుచు నుండును. వినినంతనే ఇది పాత కాలపుదని శ్రోత గుర్తించును. ఆనాటి గాయకులు అట్లే పాడెడివారని తలచు విద్యార్థులును కలరు. అది సరి కాదు. వారి కంఠములు నేటివారి కంఠముల వంటివే. ముక్కుతో పలికినది యంత్రము. విశేష మేమనగా, ఇంజనీర్లు ఏబది యేండ్లు శ్రమించి తొలగించిన ఈ లోపమునే 1960 తరువాత వారి వారసులు కోరి తెచ్చుకొనసాగిరి.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించినది మొదలు 1925 వరకు గ్రామఫోను రికార్డులను తయారుచేయుటలో విద్యుత్తు గొంతును మోయలేదు. గాయకుడు ఒక పెద్ద బాకాలోనికి పాడును. బాకా కొనయందలి పలుచని పొర కంపించును. ఆ కంపనములతో కదలు సూది మైనపు పలకపై గాడిని గీయును. గాడిని గీయుటకు వలసిన బల మంతయు గాయకుని ఊపిరి నుండియే రావలెను. కావున మెల్లగా పాడువారికి అచట చోటు లేదు. హెచ్చు స్థాయిని అందుకొనునపుడు గాయకుడు వెనుకకు జరుగవలెను, లేనిచో సూది గాడి దాటును. వయొలిను నాదము పొరను చాలినంతగా కదల్చలేదు గనుక, స్ట్రో అను నతడు వయొలినుకే ఒక బాకాను తగిలించెను!

గ్రామఫోను కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గానమును ముద్రించినది ఈ పద్ధతిననే. గంటలకొలది సాగు రాగవిస్తారమును ఆమె సుమారు మూడు నిమిషములకు కుదించి, పాట చివర తన పేరును ఇంగ్లీషున ప్రకటించెడిది. ఆ రికార్డులను నేడు వినువారికి ఆమె స్వరము సన్నగా తోచును. అది ఆమె స్వరములో ఒక ముక్క మాత్రమే. బాకా, పొర కలసి సెకనుకు సుమారు 250 మొదలు 2500 కంపనముల వరకు గల శబ్దములనే బాగుగా గ్రహించెడివి. క్రింది గాంభీర్యము పోయినది. ‘స’కారము నందలి ఊదర, శ్వాస, తంత్రుల మెరుపు పైన పోయినవి. పైగా బాకాకు తనదైన అనునాదము కలదు. కొన్ని స్వరములను అది విపరీతముగా పెంచును. ముక్కుతో పలికినట్లు తోచుటకు ముఖ్యకారణ మిదియే.

ఇదే కాలమున టెలిఫోను మరియొక రీతిగా గొంతును మార్చుచుండెను. 1878లో ఇంగ్లండున హన్నింగ్స్ అను మతాచార్యుడు బొగ్గు రేణువులతో మైక్రోఫోనును నిర్మించెను. శబ్దతరంగము రేణువులను నొక్కినపుడు విద్యున్నిరోధము తగ్గును, వదలినపుడు హెచ్చును. అయితే ఈ తగ్గుదల, పెరుగుదల సమానములు కావు. అందుచే తరంగపు పై సగమునకును క్రింది సగమునకును పోలిక చెడును. ఇట్లు ఆకృతి చెడిన తరంగములో మూలమున లేని కంపనములు పుట్టును: 200 కంపనముల స్వరము లోనికి పోయినచో 400, 600 కంపనముల అనుస్వరములును బయటికి వచ్చును. 300, 500 కంపనముల స్వరములు రెండు కలసి పోయినచో వాటి మొత్తమైన 800, భేదమైన 200 కూడ పుట్టును. చెవికి గరగరగా తోచునది ఈ క్రొత్త కంపనముల గుంపే.

తరువాతి కాలమున టెలిఫోను మార్గమునకు 300 నుండి 3400 కంపనముల హద్దు ప్రమాణమైనది. పురుషుని గొంతుకు మూలస్వరము సుమారు 120 కంపనములు. అది ఈ హద్దులో లేనే లేదు. అయినను తండ్రి గొంతును బిడ్డ గొంతుగా ఎవరును పొరబడరు గదా! 360, 480, 600 అను అనుస్వరముల నడుమ గల 120 ఎడమును బట్టి, మెదడు లేని మూలస్వరమును ఊహించుకొనును. తరగతిలో చర్చింపదగిన విషయమిది.

1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ విద్యుత్ పద్ధతిని విక్టర్, కొలంబియా కంపెనీలు చేపట్టినవి. మైక్రోఫోను, వాల్వుల వర్ధకము వచ్చినంతనే బాకా మూలబడినది. గుసగుసగా పాడు గాయకులకు కాలము వచ్చినది. తమాషా యేమనగా, బాకా కాలపు శ్రోతలు తమ యంత్రములలో లోపమున్నదని అంతగా తలచినవారు కారు. 1915 మొదలు ఎడిసన్ కంపెనీ సభలలో గాయనిని, రికార్డును ఒకదాని వెంట ఒకటి వినిపించి, భేదము తెలియదని ప్రచారము చేసెను. క్రొత్తది విన్న తరువాతనే పాతది పాతదైనది.

ఇక లోపము తిరిగి వచ్చిన కథ. 1961లో మార్టీ రాబిన్స్ పాడిన ‘డోంట్ వరీ’ అను పాట వెలువడినది. నాష్‌విల్ స్టూడియోలో దానిని ముద్రించునపుడు మిక్సింగ్ కన్సోలులో, అనగా పలు మైక్రోఫోనుల ధ్వనులను కలిపి సరిచూచు మీటల బల్లలో, ఒక మార్గము చెడి గిటారు నాదము బుర్రుమన్నది. దానిని తీసివేయక అట్లే ఉంచిరి. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ చెడుగును కావలెనన్నపుడు పుట్టించు పరికరమునే రూపొందించగా, గిబ్సన్ కంపెనీ 1962లో దానిని అంగడికి తెచ్చినది. కంఠము విషయమున 1966 నాటి ‘వించెస్టర్ కథీడ్రల్’ అను ఇంగ్లీషు పాట ప్రసిద్ధము. 1920 దశాబ్దమున మెగాఫోనుతో పాడిన రూడీ వాలీ వంటివారి తీరును తెచ్చుటకై, జాన్ కార్టర్ రెండు చేతులను నోటిచుట్టు దొన్నెవలె చేర్చి పాడెను. యంత్ర మేదియు అక్కరలేకపోయినది.

కన్సోలుపై ఇదే పని చేయుటకు మీటలు కొన్ని చాలును. వరుస మాత్రము తప్పరాదు. మొదట 300కు దిగువ కంపనములను ఫిల్టరుతో కోయవలెను. కోయనిచో గొంతులోని బరువైన క్రింది నాదమే వర్ధకమును ముంచివేసి, మాటలు ముద్దయగును. పిమ్మట 1000, 2000ల నడుమ కొంత పెంచినచో బాకా అనునాదము వచ్చును. ఆ తరువాత గెయిన్ మీటను మితిమీర త్రిప్పి, బయటికి పోవు ధ్వనిని ఫేడరుతో తగ్గించుకొనవలెను. అపుడు తరంగపు శిఖరములు తెగి అనుస్వరములు పుట్టును. వాల్వులు శిఖరమును గుండ్రముగా అణచును. ట్రాన్సిస్టరులు కత్తితో కోసినట్లు కోయును గనుక వాటి గరగర ముదురు. చివర 3000కు పైన మరల కోయుట మరువరాదు. ఏలనన, తెగిన శిఖరముల నుండి పుట్టిన పై కంపనములు ఆనాటి బాకాలో గాని తీగెలో గాని పోలేవు. వాటిని వదలినచో అది పాత గొంతు గాక చెడిన క్రొత్త గొంతుగా తోచును. ఈ పని గొంతు మార్గమున మాత్రమే చేయుట మేలు. మృదంగమును గూడ అందులో కలిపినచో దెబ్బ పడినపుడెల్ల గొంతు అణగిపోవును.

దీనికి ఎదురుపని, అనగా పాత రికార్డులోని గరగరను తీసి గొంతును తేటపరచుట, నేడు కంప్యూటరుతో కొంతవరకు సాధ్యమగుచున్నది. సూది చప్పుడు తీయవచ్చును, బాకా అనునాదమును తగ్గింపవచ్చును. కాని 1902లో బాకా గ్రహింపని కంపనములు ఆ గాడిలో లేవు. గౌహర్ జాన్ ‘స’కారము ఎట్లుండెడిదో ఆ నాటి గదిలో కూర్చున్నవారే వినిరి.