జీతం జప్తులో వెయ్యి రూపాయల గీత

బంధువు పాడిన చిట్టీకి షూరిటీ సంతకం పెట్టిన టీచరు మీద డిక్రీ వచ్చి, చిట్టీ కంపెనీ ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేసిందంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఆయనకిచ్చే అభయం ఒక లెక్క: నెల జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తు చేయకూడదు. (భరణం డిక్రీల లెక్క వేరు, అక్కడ మినహాయింపు మూడో వంతే.) చదవడానికి ఇందులో రెండు రక్షణలున్నాయి. పే స్లిప్పు ముందు పెట్టుకుంటే ఒకటే మిగులుతుంది. జప్తు లెక్కలోకి వచ్చే జీతం 12,000 అనుకుందాం. వెయ్యి పక్కన పెడితే మిగిలిన 11,000లో మూడో వంతు, సుమారు 3,667 రూపాయలు పోతాయి. ఆ వెయ్యి మినహాయింపే లేకుంటే 4,000 పోయేవి. అంటే దాని అసలు విలువ నెలకు 333 రూపాయలు. లక్ష జీతగాడికీ అదే 333. కూలీల, ఇంటి పనివాళ్ల వేతనానికి పూర్తి మినహాయింపు ఇచ్చిన ఇదే సెక్షన్, వాళ్లకన్నా ఒక్క మెట్టు పైనున్న చిరుద్యోగి దగ్గరికొచ్చేసరికి బతుకు ఖర్చు ఊసు మరిచి నిష్పత్తితో సరిపెట్టుకుంది.

లోపం ఉద్దేశంలో లేదు, అంకెలో ఉంది. 1976 సవరణ ఈ మొత్తాన్ని 400 చేసింది. 1999 సవరణ వెయ్యికి పెంచింది. అది 2002 జులై 1న అమల్లోకి వచ్చింది. తర్వాత పే రివిజన్లు ఎన్ని వచ్చినా వెయ్యి వెయ్యిగానే ఉంది. అమెరికా 1968లో ఇంకో దారి పట్టింది. మామూలు అప్పులకు వారం జీతంలో, తప్పనిసరి కోతలు పోను, నాలుగో వంతుకు మించి పట్టకూడదు. ఫెడరల్ గంట కనీస వేతనానికి 30 రెట్ల లోపు డబ్బును అసలు ముట్టకూడదు. కానీ ఆ కనీస వేతనమే 2009 నుంచి 7.25 డాలర్ల దగ్గర ఆగిపోవడంతో గీత కూడా 217.50 డాలర్ల దగ్గర గడ్డకట్టింది. కట్టిన గుంజే కదలకపోతే ముడి ఎంత గట్టిదైనా ఏం లాభం? మనకు కదిలే గుంజ ఉంది: ఉద్యోగుల డీఏను లెక్కగట్టే ధరల సూచీ. 60వ సెక్షన్ గీతను దానికి కట్టాలన్నదే ఈ వ్యాసం వాదన.

గీత పెంచితే చిన్న జీతగాళ్లకు అప్పు పుట్టదన్న అభ్యంతరం తేలికైనది కాదు. అయితే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు డిక్రీ దాకా ఆగడం తక్కువ. అప్పు ఇచ్చేటప్పుడే ఆటో డెబిట్ మాండేట్ మీద సంతకం తీసుకుంటాయి. 60వ సెక్షన్ మినహాయింపును వదులుకుంటానని రాసిచ్చిన ఒప్పందం చెల్లదని చట్టమే అంటోంది. జీతం పడిన రోజునే ఖాతా ఊడ్చే మాండేట్‌కు మాత్రం ఆ మాట తగలదు. నిజంగా నష్టపోయేది ప్రోనోటు మీద అప్పిచ్చినవాడు. ఒకే డిక్రీ మీద జీతం జప్తు మొత్తం 24 నెలలకు మించకూడదు కనుక అతని బాధ ఉత్తది కాదు. ఉదాహరణకు గీత 15,000 అయితే నెలకు లక్ష జీతం మీద అతనికి 33,000 బదులు సుమారు 28,333 వస్తాయి. 12,000 జీతం మీద ఏమీ రాదు. ఆ రెండో మాటే ఈ సెక్షన్ మొదటినుంచీ చెప్పదలచుకున్నది.

ఇక డబ్బు బ్యాంకు గడప దాటాక ఏమవుతుంది? జీతం కాకపోయినా పన్ను రీఫండు ఇక్కడ ఒక పోలిక. అమెరికాలో ప్రైవేటు అప్పులవాడు దాన్ని ఖజానా దగ్గర పట్టుకోలేడు. ఆ వీలు ప్రభుత్వ బకాయిలకు, పిల్లల భరణానికి ఉంది. అదే రీఫండు ఖాతాలో పడితే కోర్టు ఉత్తర్వుతో అతనూ అందుకోగలడు. మన 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 245వ సెక్షన్ రీఫండును పన్ను బకాయికే సర్దుబాటు చేయనిచ్చింది. పెన్షన్, గ్రాట్యుటీ చేతికందినా వాటి స్వభావం మారదని రాధేశ్యామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. ఖాతాలో చేరిన జీతం గురించి 60వ సెక్షన్‌లో అంత స్పష్టమైన మాట లేదు. ఖాతాలో డబ్బు కలిసిపోతే ఏది జీతమో ఎలా తేల్చడమన్న ప్రశ్నకు 2011 నాటి అమెరికన్ నిబంధన ఒక జవాబు: జప్తు ఉత్తర్వు అందగానే బ్యాంకు గత రెండు నెలల జమలు చూసి, సోషల్ సెక్యూరిటీ వంటి ఫెడరల్ చెల్లింపులను పక్కన పెట్టాలి. జీతానికి అక్కడా ఆ భాగ్యం లేదు. మన పాసుబుక్కుల్లో మాత్రం జీతం జమ ఏ తేదీన ఎక్కడినుంచి పడిందో వరసలోనే అచ్చయి ఉంటుంది.