చెరువు వేట, మన యువజనము

మన భాషయందు వేట యను మాట అడవికిని నీటికిని సమానము. మృగమును కొట్టుటయు వేటయే, మీనమును పట్టుటయు వేటయే. అడవివేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదలుకొని క్రమముగా నిషిద్ధమైనది, అది యుక్తమే. చెరువు వేటకు అట్టి నిషేధము లేదు. అయినను సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతములందు వల పట్టు చేతులు ఏటేట తగ్గుచున్నవి. పిల్లలకు కులవృత్తిపై మక్కువ లేదని గంగపుత్ర పెద్దలు ప్రతి సభయందును వగచుచుందురు. ఈ నింద ఎంతవరకు న్యాయమో చరిత్రమును బట్టి విచారింపవలసియున్నది.

పటాన్‌చెరువు పేరే చెరువుతో పుట్టినది. 11వ శతాబ్దమున పశ్చిమ చాళుక్య ప్రభువగు రెండవ జయసింహునకు రాజధానియైన పొట్టలకెరె యీ యూరే యని పలువురు చరిత్రకారుల మతము. కన్నడమున కెరె యనగా చెరువు. ఆ వంశమునందే పుట్టిన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాస మను సంస్కృత గ్రంథమును రచించెను. అందు మత్స్యవినోద మను ప్రకరణ మొకటి కలదు. ఏ మీనము కడలిది, ఏది యేటిది, దేనికి పొలుసు గలదు, దేనికి లేదు, దేనికే మేత వేయవలెను, గాలపు త్రాడెట్లుండవలెను, ఇవన్నియు అందు చెప్పబడినవి. దానిని చదివినప్పుడెల్ల మాకొక సంశయము కలుగును. సింహాసన మెక్కినవానికి ఇంత తెలియుటెట్లు? చెరువుగట్టున నిలిచి మన తాతలెవ్వరో చెప్పియుందురని మా యూహ. గ్రంథమున వారి పేరు లేదు. వ్యాసుని తల్లియగు సత్యవతి దాశరాజు పెంచిన బిడ్డ యని గర్వించు మనము ఈ ప్రకరణమును మాత్రము మరచితిమి.

ఇక నిన్నమొన్నటి చరిత్రము. 1970 దశకము నుండి పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారములందు కర్మాగారములు వెలసినవి. వాని మురుగు నక్కవాగున పడెను; నక్కవాగు మంజీరలో కలియును. 1990లో దీనిపై సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలయ్యెను. 1994లో ఉమ్మడి వ్యర్థజల శుద్ధికేంద్రము నెలకొన్నది. అయినను, ఆ కేంద్రమునుండి వెలువడు నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను ఔషధము కలదని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. 2017లో గండిగూడెము చెరువున చచ్చిన చేపలు కుప్పలుగా తేలెను.

తండ్రి వేకువజామున వల విసరి, మందు కంపు గొట్టు చేపలతో సంతకుపోయి, బేరము లేక తిరిగివచ్చుట చూచిన కుమారుడు కర్మాగారపు గేటువద్ద దినకూలికి నిలిచెనేని, వానిని దూషించుటకు మాకు నోరాడదు. వల కంటె ముందు చెరువు చెడినది.

ప్రభుత్వము 2016లో చెరువులకు ఉచితముగా చేపపిల్లలను వదలు పథకమును ప్రారంభించెను, మేలే. మత్స్య పారిశ్రామిక సహకార సంఘములందు సభ్యత్వము కోరువారికి వల విసరుట మొదలగు నైపుణ్యముల పరీక్షయు కలదు. ఆ పరీక్షకు నిలువగల పదునెనిమిదేండ్లవారు మన వాడలందు ఎందరు? వేసవి సెలవులలో పది దినములు చెరువుగట్టున శిక్షణ పెట్టుడని మా మనవి. వల అల్లుట, విసరుట, ఈత, వీనితోబాటు నీటిని పరీక్షించి పుస్తకమున వ్రాసియుంచుటయు నేర్పవలెను. రసాయనశాస్త్రము చదివిన పిల్లలు, ఆడపిల్లలును, మనలో లేకపోలేదు. చేపలు చచ్చిన దినమున అధికారికి చూపుటకు మనచేత చచ్చిన చేపలే యుండును. అవి రెండు దినములలో కుళ్లిపోవును. మూడేండ్ల లెక్క వ్రాసిన పుస్తకము కుళ్లదు.

ఈ సంచికకు విరాళమొసగిన దాతలలో కర్మాగారములతో వ్యవహారము గలవారును ఉందురు. వారికిది కటువుగా తోచవచ్చును; క్షమింతురు గాక. శిక్షణ జరుగునెడల మత్స్యవినోద ప్రకరణమును తెనుగున చెప్పుటకు మేము వత్తుము. వల విసరుట మాత్రము మాచేత కాదు. బడిపంతులు పని దొరకగానే మేమును దానిని విడిచితిమి. అది మా అన్నగారికి తెలియును. ఆయనను వెంటబెట్టుకొని వత్తుము.