అక్యుటంకస్ అంటార్కిటికస్

అంటార్కిటికా ఖండమంతటా మంచినీటి మడుగుల్లోనూ నాచు పొరల్లోనూ కనిపించే టార్డిగ్రేడ్ జాతి. సాధారణంగా అర మిల్లీమీటరుకు మించని, ఎనిమిది కాళ్లతో మెల్లగా పాకే ఈ వర్గపు జంతువులకు నీటి ఎలుగుబంట్లని వాడుక పేరు. ఈ జాతిని 1904లో జర్మన్ శాస్త్రవేత్త రిక్టర్స్ తొలిసారి వర్ణించగా, ఇప్పుడున్న ప్రజాతిలోకి 1997లో చేర్చారు. పరిశీలించిన సమూహాల్లో ఆడ జంతువులే మగవాటితో నిమిత్తం లేకుండా సంతానాన్ని కంటున్నట్లు తేలింది.

మడుగు ఎండినప్పుడు ఇది కాళ్లు లోపలికి ముడుచుకొని, ఒంటిలోని నీటినంతా దాదాపుగా వదిలి, చిన్న పీపాలా మారి, జీవక్రియను ఆపివేసినంతగా తగ్గించుకుంటుంది. దీనిని నిర్జల సుప్తావస్థ అనవచ్చు. గడ్డకట్టడాన్ని తట్టుకోవడం ఇందుకు భిన్నమైన శక్తి. జపాన్ వారి స్యోవా కేంద్రానికి సమీపంలో 1983లో సేకరించి, మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచిన నాచును 2014లో కరిగించగా రెండు జంతువులు కదలాడాయి, ఒక గుడ్డు నుంచి పిల్ల బయటికి వచ్చింది. ఆ రెండింటిలో ఒకటి కొన్నాళ్లకే చనిపోగా, రెండోది 19 గుడ్లు పెట్టింది, వాటిలో 14 పిల్లలయ్యాయి.

అంటార్కిటికాపై ఓజోన్ పొర వసంతంలో పలచబడుతోందని 1985లో వెల్లడైనప్పటి నుంచి ఇక్కడి జీవుల విషయంలో అతినీలలోహిత కిరణాల ప్రస్తావన తప్పనిసరైంది. మంచు కప్పు ఉన్నంతకాలం అది కిరణాలను చాలావరకు అడ్డుకుంటుంది గనుక, ఓజోన్ రంధ్రం మంచు కరిగే డిసెంబరు దాకా సాగిన ఇటీవలి సంవత్సరాలే ఎక్కువ ఆందోళనకరమని చెప్పవచ్చు. ఇటలీలోని మొడెనా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కిరణాలు ఒక్కటే తగిలినప్పుడు ఎండిన జంతువులు తడి జంతువుల కంటే మెరుగ్గా నిలిచాయి. కిరణాలకు వేడి కూడా తోడైనప్పుడు మాత్రం ఈ వరుస తారుమారై, తడి జంతువులే ఎక్కువగా బతికాయి. జీవక్రియ సాగుతున్నప్పుడు డీఎన్ఏ మరమ్మతుకు వీలుండటం ఇందుకు కారణం కావచ్చు. అంతకంటే ముఖ్యమైనది సంతానం సంగతి: కిరణాలు సోకిన వాటి తర్వాతి తరాల్లో గుడ్లు తల్లి ఒంటిలోనే తిరిగి ఇమిడిపోవడం, అంగవైకల్యాలు ఎక్కువయ్యాయి. మార్పు నెమ్మదిగా వస్తే జాతి సర్దుకోగలదని ఆ పరిశోధకులే ఆశాభావం వ్యక్తం చేసినా, ఒక్కో జంతువు మొండితనాన్ని చూసి జాతి భవిష్యత్తును లెక్కకట్టడం సరికాదని ఈ ఫలితాలే సూచిస్తున్నాయి.

రక్షణ ఏ అణువుల వల్ల కలుగుతోందన్నది ఈ జాతిలో అంతగా తేలలేదు. డీఎన్ఏను కప్పి కాపాడే డీసప్ ప్రోటీన్‌ను 2016లో జపాన్ వారు గుర్తించినది, హానికర కిరణాలను నీలికాంతిగా మార్చి వెలువరించే గుణాన్ని 2020లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు వర్ణించినది వేరే జాతుల్లో. ధ్రువప్రాంత జాతికి కూడా ఇవి ఉన్నట్లు జనరంజక రచనలు చెప్పేస్తుంటాయి గానీ, అందుకు ఆధారం చాలదు.

వేడిమి ప్రభావం నీటి ద్వారా కూడా పనిచేస్తుందనడానికి పొరుగు జీవి స్కాట్‌నెమా లిండ్సేయే మంచి ఉదాహరణ. మెక్‌మర్డో శుష్క లోయల పొడి, ఉప్పు నేలల్లో ఇదే ప్రధానమైన నెమటోడ్, అంటే గుండ్రటి సూక్ష్మ పురుగు. 2001–02 వేసవిలో హిమానీనదాలు విపరీతంగా కరిగి నేల తడిసిన తర్వాత దీని సంఖ్య తగ్గుతూ రాగా, తేమను ఇష్టపడే మరో నెమటోడ్ యూడోరిలైమస్ కొన్నిచోట్ల పెరిగింది.