సిర్పూర్ ఆలయం - రెండు రకాల ప్రవేశ రుసుము

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, మహానదీ తీరాన ఉన్న సిర్పూర్, పూర్వం దక్షిణ కోసలాన్ని ఏలిన పాండువంశీయుల రాజధాని శ్రీపురం. అచటి లక్ష్మణాలయం మన దేశంలోని ప్రాచీన ఇటుక దేవాలయాలలో అగ్రగణ్యమైనది. దివంగతుడైన భర్త హర్షగుప్తుని పుణ్యార్థం రాణి వాసట, తన కుమారుడు మహాశివగుప్త బాలార్జునుని పాలనాకాలంలో దీనిని నిర్మింపజేసింది.

ఆమె ఆలయం కట్టించి ఊరుకోలేదు. కొన్ని గ్రామాలను దానమిచ్చి, వాటి ఆదాయం అన్నసత్రానికి, ఆలయ మరమ్మతులకు, సేవకుల పోషణకు వినియోగపడాలని శాసనంలో నిర్దేశించింది. కట్టడాన్ని కాపాడే భారం ఆనాడు ఆ గ్రామాల రైతులు మోశారు. దర్శనానికి వచ్చిన బాటసారి కాదు. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ కోసలాన్ని దర్శించి, అచటి నుండి ఆంధ్రదేశానికి వచ్చాడు. ఆయన పేర్కొన్న కోసల రాజధాని సిర్పూరేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

నేడు ఆలయ సంరక్షణ కేంద్ర పురావస్తు శాఖ బాధ్యత. 2000 అక్టోబరులో, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రావతరణకు ముందు నెలలో, ఆ శాఖ విదేశీయుల రుసుమును డాలర్లలో నిర్ణయించింది. ప్రపంచ వారసత్వ కట్టడాలకు 10, ఇతర కట్టడాలకు 5 డాలర్లు. పర్యాటక వర్గాలు అభ్యంతరం తెలుపగా, 2001లో వీటిని 5, 2 డాలర్లకు తగ్గించారు. 2018 సవరణలో రెండవ తరగతి కట్టడాలకు స్వదేశీయులకు 25, విదేశీయులకు 300 రూపాయలుగా నిర్ణయించారు. సిర్పూర్‌తో పాటు హైదరాబాదులోని చార్మినార్, గోల్కొండ కూడా ఈ తరగతిలోనివే. సార్క్, బిమ్‌స్టెక్ దేశాల పౌరులకు స్వదేశీయుల రుసుమే వర్తిస్తుంది. పదిహేనేళ్ళ లోపు బాలలకు ప్రవేశం ఉచితం.

ఈ వ్యత్యాసానికి న్యాయం లేకపోలేదు. భారత పౌరుడు పన్నుల రూపంలో కట్టడాల పోషణకు ముందే తన వంతు చెల్లిస్తున్నాడు. రుసుము పెరిగితే సమీప గ్రామాల పేదలకు తమ పూర్వీకుల కట్టడమే దూరమవుతుంది. అయితే ఈ విధానంలో చిక్కులూ ఉన్నాయి. సిర్పూర్‌లోని బౌద్ధ విహారాల కోసం వచ్చే సింహళ, థాయి యాత్రికులు లక్ష్మణాలయంలో 25 రూపాయలు చెల్లిస్తే, అదే భక్తితో వచ్చిన జపాను యాత్రికుడు, హ్యూయాన్‌త్సాంగ్ స్వదేశీయుడు 300 చెల్లించాలి. ఇక్కడ ప్రాతిపదిక సంపద కాదు, దౌత్య సంబంధాలు.

అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. వాసట దానమిచ్చిన గ్రామాల ఆదాయం నేరుగా ఆలయానికే చేరేది. నేటి ప్రవేశ రుసుము దేశపు సంచిత నిధికి జమ అవుతుంది. సిర్పూర్‌కు ఎంత తిరిగి రావాలన్నది బడ్జెటు కేటాయింపులు తేలుస్తాయి. పేద రాష్ట్రాల మారుమూల కట్టడాలను పోషించడానికి ఈ ఉమ్మడి ఏర్పాటు అవసరమే. అయినా పన్నెండు రెట్లు అధికంగా చెల్లించిన అతిథికి ఆ సొమ్ము దేనికి వినియోగపడుతున్నదో తెలియజేయడం మర్యాద. దాత తన దానం ఏ పనికి ఎంతో శిలపై చెక్కించిన చోట, ప్రభుత్వం ఆ లెక్కను ఒక ఫలకంపై వ్రాసి నిలపడం కష్టమైన పని కాదు.