సెల్యులార్ ట్రైల్ కెమెరా

సెల్యులార్ ట్రైల్ కెమెరా అనేది అడవిలో గాని, పొలం అంచున గాని చెట్టుకు కట్టి ఉంచే స్వయంచాలిత కెమెరా. ఎదుటకు జంతువు రాగానే ఇది తనంతట తానే ఛాయాచిత్రం తీసి, సెల్‌ఫోను నెట్‌వర్కు ద్వారా యజమానికి పంపుతుంది. 'ట్రైల్' అనగా జంతువులు నడిచే కాలిబాట. ఇటువంటి కెమెరాలను శాస్త్రవేత్తలు కెమెరా ట్రాప్ అని వ్యవహరిస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, ముఖ్యంగా తెల్లతోక జింకల వేటలో, వీటి వాడకం ఎక్కువ. చిత్రం క్షణాలలో వేటగానికి చేరగలదు కనుక, న్యాయమైన వేట అంటే ఏమిటనే వివాదానికి కూడా ఈ పరికరం కారణమైనది.

చరిత్ర

జంతువు చేతనే దాని చిత్రం తీయించే పద్ధతికి ఆద్యులలో అమెరికాకు చెందిన జార్జ్ షిరాస్ ముఖ్యుడు. వేటగాడుగా ఉండిన షిరాస్ తరువాత తుపాకి బదులు కెమెరాను చేపట్టాడు. జంతువు కాలికి తగిలిన తీగ కెమెరాను, మెరుపు దీపాన్ని పనిచేయించే ఏర్పాటుతో రాత్రివేళ జింకల చిత్రాలు తీశాడు. ఆయన తీసిన వన్యప్రాణుల చిత్రాలు 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో ప్రచురితమయ్యాయి. భారతదేశంలో అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ 1920లలో ఇదే పద్ధతిలో పులులను చిత్రించి, 1927లో పుస్తకంగా వెలువరించాడు.

20వ శతాబ్దం చివరలో ఫిల్ముతో పనిచేసే ట్రైల్ కెమెరాలు వేటగాళ్ళకు అందుబాటులోకి వచ్చాయి. 2000 తరువాత డిజిటల్ కెమెరాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. ఆపైన సిమ్ కార్డు గల కెమెరాలు వచ్చాయి. అమెరికాలో ప్రధాన సంస్థలు 2022లో 3జీ సేవలను నిలిపివేయడంతో, ఆ నెట్‌వర్కుపై ఆధారపడిన పాత కెమెరాలు చిత్రాలు పంపలేని స్థితికి వచ్చాయి. ఇప్పటి కెమెరాలు సాధారణంగా 4జీపై పనిచేస్తాయి.

పనిచేసే విధానం

కెమెరా ముందుభాగంలో పరారుణ సంవేదకం ఉంటుంది. ఇది తాను ఏ కిరణాలనూ వెలువరించదు. పరిసరాలకన్నా వేడిగా ఉన్న శరీరం దాని ఎదుట కదిలినపుడు కలిగే ఉష్ణభేదాన్ని గుర్తించి కెమెరాను మేల్కొలుపుతుంది. మంచి కెమెరాలలో ఇందుకు సెకను కన్నా తక్కువ సమయం పడుతుంది. మండుటెండలో పరిసరాల వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరగా ఉన్నపుడు సంవేదకం తడబడుతుంది. ఎండకు వేడెక్కిన ఆకులు గాలికి ఊగినపుడు జంతువు లేకుండానే చిత్రాలు తీయవచ్చు.

రాత్రి చిత్రాల కొరకు పరారుణ దీపాలు ఉంటాయి. 850 నానోమీటర్ల దీపాలు ఎక్కువ దూరం వెలుగునిస్తాయి, కాని వాటి ఎర్రని మెరుపు లీలగా కనబడుతుంది. 940 నానోమీటర్ల దీపాలు దాదాపు కనబడవు, అయితే వాటి వెలుగు అందే దూరం తక్కువ.

తీసిన చిత్రం పూర్తి పరిమాణంలో మెమొరీ కార్డులో నిలిచి ఉంటుంది. దాని చిన్న నకలు మాత్రమే ఫోనులోని యాప్‌నకు చేరుతుంది. చిత్రం తీసిన వెంటనే పంపవలెనో, రోజుకు ఒకటి రెండుసార్లు పోగుచేసి పంపవలెనో యజమాని నిర్ణయించుకొనవచ్చును. ఈ సేవకు సాధారణంగా నెలవారీ చందా చెల్లించవలసి ఉంటుంది. చిత్రాలు పంపడానికి విద్యుత్తు ఎక్కువ అవసరం కనుక లిథియం బ్యాటరీలు గాని, చిన్న సౌరఫలకం గాని అమర్చుతారు.

వేటలో ఉపయోగం

సాధారణ ట్రైల్ కెమెరాలోని చిత్రాలు చూడడానికి వేటగాడు స్వయంగా వెళ్ళి కార్డు తీసుకొనవలెను. వెళ్ళిన ప్రతిసారీ మనిషి వాసన అక్కడ మిగులుతుంది. జింకలకు ఘ్రాణశక్తి చాలా ఎక్కువ కనుక అవి ఆ చోటును విడిచిపెట్టవచ్చు, లేదా రాత్రివేళ మాత్రమే రావచ్చు. సెల్యులార్ కెమెరా వలన ఈ రాకపోకలు తగ్గుతాయి.

కెమెరాను జింకల దారులు కలిసే చోట్ల, మేత పొలాల అంచులలో, నీటి వనరుల వద్ద సుమారు మూడు అడుగుల ఎత్తున కడతారు. సూర్యకాంతి నేరుగా పడకుండా ముఖాన్ని ఉత్తరానికి తిప్పుతారు. ప్రతి చిత్రంపై తేదీ, సమయం నమోదవుతాయి, చాలా కెమెరాలలో ఉష్ణోగ్రత కూడా నమోదవుతుంది. కొన్ని వారాల చిత్రాలను పోల్చి చూసి, మంచె ఎక్కడ కట్టవలెనో, ఏ వేళ కూర్చొనవలెనో వేటగాడు నిర్ణయిస్తాడు. మగ జింకలను కొమ్ముల ఆకారాన్ని బట్టి విడివిడిగా గుర్తించి, వయసు అంచనా వేసి, లేత జింకలను విడిచిపెట్టడానికి కూడా ఈ చిత్రాలు తోడ్పడతాయి. కొమ్ములు ఏటా రాలి తిరిగి మొలుస్తాయి కనుక మరుసటి ఏడాది ఈ గుర్తింపు కష్టమవుతుంది.

చిత్రాల సంఖ్య జంతువుల సంఖ్య కాదు. ఒకే జింక పదేపదే కెమెరా ముందుకు రావచ్చు.

టెక్సాస్ వంటి రాష్ట్రాలలో పంటలను నాశనం చేసే అడవి పందులను పట్టడానికీ ఇవి ఉపయోగపడుతున్నాయి. మంద అంతా బోనులోకి చేరినట్లు చిత్రంలో చూసి, దూరం నుండే తలుపు మూసే ఏర్పాట్లు ఉన్నాయి.

వివాదం

థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు 'ఫెయిర్ చేజ్' అనే నియమాన్ని పాటిస్తుంది. వేటగానికి జంతువుపై అనుచితమైన ఆధిక్యం ఉండరాదని, తప్పించుకొనే అవకాశం జంతువుకు ఉండవలెనని దీని భావం. పోయిన వారం జింక ఏ దారిన నడిచిందో తెలుసుకొనడం అడుగుజాడలు చూడడం వంటిదే. ఈ క్షణాన అది ఎక్కడ ఉన్నదో ఫోనులో చూసి, అప్పటికప్పుడే బయలుదేరి వేటాడడం వేరు. అటువంటి సమాచారంతో వెంటనే వేటాడిన జంతువును ఈ క్లబ్బు తన రికార్డులలో చేర్చదు.

పడమటి ఎడారి రాష్ట్రాలలో సమస్య మరింత తీవ్రమైనది. అక్కడ నీటిగుంటలు కొద్ది. జంతువులు దాహం తీర్చుకొనడానికి వాటి వద్దకు రాక తప్పదు. ఒకే గుంట చుట్టూ అనేక కెమెరాలు వెలిసి, వాటిని చూసుకొనేవారి రాకపోకలతో జంతువులకు కలత కలుగుతున్నదని, వేటగాళ్ళ మధ్య తగాదాలు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. కెమెరా జంతువును చూపుతుందే గాని చంపదని, వేటలో నైపుణ్యం ఇంకా వేటగానిదేనని సమర్థకుల వాదన. పని ఒత్తిడి గలవారికి, అడవిలో తిరుగలేని వృద్ధులకు ఇది మేలని కూడా వారంటారు.

చట్టాలు

* అరిజోనా: 2022 జనవరి 1 నుండి వేటకు సహాయంగా ట్రైల్ కెమెరాల వాడకం నిషిద్ధం.
* నెవాడా: ప్రభుత్వ భూములలో ఆగస్టు 1 నుండి డిసెంబరు 31 వరకు నిషేధం అని 2018లో నిర్ణయించారు. చిత్రాలు పంపగల కెమెరాలకు ఈ నిషేధం జూలై 1 నుండే మొదలవుతుంది.
* యూటా: జూలై 31 నుండి డిసెంబరు 31 వరకు పెద్ద జంతువుల వేటకు వాడరాదని 2022లో నియమం చేశారు.

అనేక ఇతర రాష్ట్రాలలో వాడకానికి అనుమతి ఉన్నది.

భారతదేశంలో

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం, ప్రత్యేక అనుమతులు ఉన్న సందర్భాలలో తప్ప, భారతదేశంలో వన్యప్రాణుల వేట నేరం. అందువలన ఇక్కడ ఈ కెమెరాలు ప్రధానంగా సంరక్షణకు వినియోగపడుతున్నాయి. చారల అమరికను బట్టి పులులను విడివిడిగా గుర్తించి లెక్కించే పద్ధతిని ఉల్లాస్ కారంత్ 1990లలో నాగరహొళెలో అభివృద్ధి చేశాడు. 2018 నాటి జాతీయ గణనలో 26,838 చోట్ల కెమెరాలు అమర్చగా దాదాపు 3 కోట్ల 48 లక్షల చిత్రాలు లభించాయి. ఆంధ్ర ప్రదేశ్‌లోని నాగార్జునసాగర్-శ్రీశైలం, తెలంగాణలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యాలలోను గణనకు కెమెరాలను వాడుతున్నారు.

మధ్య భారతంలోని కాన్హా-పెంచ్ ప్రాంతంలో ట్రయిల్‌గార్డ్ ఏఐ అనే కెమెరాలను ప్రయోగించారు. వీటిలోని కృత్రిమ మేధ పులిని, మనిషిని గుర్తించి, నిమిషం లోపే సిబ్బందికి చిత్రం పంపుతుంది. పులి గ్రామం వైపు వస్తే ప్రజలను హెచ్చరించడానికి, దొంగ వేటగాడు అడవిలో అడుగుపెడితే పట్టుకొనడానికి ఈ సమాచారం ఉపకరిస్తుంది.

ఇవి కూడా చూడండి

* తెల్లతోక జింక
* వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
* నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం