వెలికి మూలం అజ్ఞానమేనా?: తెలుగునాట హెచ్‌ఐవీ కుటుంబాల చరిత్రపై ఒక పరిశీలన

తెలుగు ప్రాంతాల్లో హెచ్‌ఐవీ చరిత్రను చెప్పే రచనలు సాధారణంగా రెండు మాటలను ముందే ఖాయం చేసుకుని మొదలవుతాయి. వ్యాధి జాతీయ రహదారుల వెంట లారీ డ్రైవర్ల ద్వారా, సెక్స్ వర్కర్ల ద్వారా పాకిందన్నది మొదటిది. బాధిత కుటుంబాలను ఊరు వెలిగా చూడటానికి జనం అజ్ఞానమే కారణమని, ప్రచారం పెరిగేకొద్దీ ఆ వెలి సడలిందన్నది రెండోది. మొదటి మాటలో కొంత నిజం ఉంది. రెండోది మాత్రం, ముఖ్యంగా పేద కుటుంబాల విషయంలో, ఆధారాలకు నిలవదు.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1986లో మద్రాసులో సునీతి సాల్మన్, సెల్లప్పన్ నిర్మల పరిశోధనలో దేశంలో తొలిసారి హెచ్‌ఐవీ బయటపడింది. 1989లో గోవాలో హెచ్‌ఐవీ ఉందని తేలిన డొమినిక్ డిసౌజాను ప్రజారోగ్య చట్టం కింద నిర్బంధించారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, ఏర్పడింది. రోగిని ముప్పుగా చూసే అలవాటు ఊళ్లలో పుట్టి పైకి పాకినది కాదనీ, మొదట ప్రభుత్వ ఉత్తర్వుల్లోనే కనిపించిందనీ చెప్పడానికి గోవా ఉదంతం ఒక్కటి చాలు.

చర్చించవలసిన కాలం 2000 నుంచి 2007 వరకు సాగినది. అప్పట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవీ తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. ఆ లెక్కలకు ఆధారం సెంటినెల్ సర్వే, అంటే ఎంపిక చేసిన ప్రభుత్వాసుపత్రులకు వచ్చే గర్భిణుల, సుఖవ్యాధుల చికిత్సకు వచ్చేవారి రక్త నమూనాలను ఏటా పరీక్షించి, దాన్నిబట్టి మొత్తం జనాభాలో వ్యాధిని అంచనా కట్టే పద్ధతి. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా బృందం 2004-05లో గుంటూరు జిల్లాలో ఆసుపత్రులను వదిలి నేరుగా ఇళ్లకే వెళ్లి 12,617 మంది రక్తాన్ని పరీక్షించింది. 15-49 ఏళ్ల వారిలో వ్యాధి 1.72 శాతంగా తేలింది. ఆ లెక్కన జిల్లాలో బాధితులు సుమారు 45,900 మంది కాగా, అధికారిక పద్ధతిలో లెక్క కడితే 1,12,600 మంది అవుతున్నారు.

ఇంత తేడాకు ఆ పరిశోధకులు చూపిన కారణాల్లో ఒకటి ఈ చరిత్రకు కీలకమైనది. ప్రైవేటు వైద్యులు హెచ్‌ఐవీ ఉన్న, లేదా ఉందని అనుమానించిన రోగులను ప్రభుత్వాసుపత్రులకు పంపించేసేవారు; పేదలు ఎలాగూ అక్కడికే వెళ్లేవారు. అందువల్ల ఇటీవల గర్భం దాల్చిన స్త్రీలలో, సర్వే జరిగే పెద్ద ప్రభుత్వాసుపత్రులను ఆశ్రయించినవారిలో వ్యాధి 3.61 శాతం ఉంటే, ఆశ్రయించనివారిలో 1.08 శాతమే ఉంది. అంటే నర్సింగ్ హోమ్ గడపలో జరిగిన తిరస్కారం కొంత, ప్రభుత్వ పట్టికలో వ్యాధి తీవ్రతగా నమోదైంది. పరీక్ష తర్వాత ఒక గర్భిణిని హఠాత్తుగా వేరే ఆసుపత్రికి పంపడమే ఆమె ఇంటివారికీ చుట్టుపక్కలవారికీ విషయం తెలియజేసేది. ఆ తిరస్కారం చదువులేనివారి భయం నుంచి వచ్చింది కాదు. వైద్యం చదివినవారి నుంచే వచ్చింది.

ఈ వాదనకు హద్దులున్నాయి. అలా పంపించడమంతా వివక్షే అనలేం. చిన్న ఆసుపత్రుల్లో కాన్పుకు తగిన రక్షణ సామగ్రి లేకపోవడం కూడా కొన్నిచోట్ల కారణమై ఉండవచ్చు. ఇంటింటి సర్వేకు ఇల్లు విడిచి తిరిగేవారు అందరూ దొరకరు. పైగా లెక్క తగ్గినంత మాత్రాన గండం చిన్నదైపోలేదు: 1.72 శాతమంటే వయోజనుల్లో దాదాపు 58 మందికి ఒకరు. అదే సర్వేలో పురుషుల్లో 1.74, స్త్రీలలో 1.70 శాతం ఉండటం, జీవన ప్రమాణంలో దిగువ సగంలో 2.58, ఎగువ సగంలో 1.20 శాతం ఉండటం చూస్తే, ఇది రహదారి వ్యాధిగానే మిగలక పేద ఇళ్లలో భార్యాభర్తల మధ్యకు వచ్చేసిందని స్పష్టమవుతుంది.

ప్రచారం మాత్రం చాలాకాలం ఇంటి బయట తిరిగే మగవాడి చుట్టూనే తిరిగింది. ఊరూరా గోడల మీద, హోర్డింగుల మీద కనిపించిన పులిరాజా ఎయిడ్స్ అవగాహన ప్రకటనలు కండోమ్ మాటను నలుగురిలో పలికే పరిస్థితి తెచ్చాయి, ఆ మేలును కాదనలేం. కానీ వ్యాధిని నడవడికతో ముడిపెట్టినప్పుడు, భర్త తప్ప మరొకరు తెలియని ఇల్లాలు కూడా అదే అనుమానం కిందికి వచ్చింది. భర్తే ముందు మరణిస్తే కొడుకును పొట్టన పెట్టుకుందన్న నింద కోడలి మీద పడేది.

ఆ నింద వెనక ఆస్తి ఉంది. తీవ్రత ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో జరిపి 2006లో వెలువరించిన, ఆర్థిక పరిశోధన సంస్థ ఎన్‌సీఏఈఆర్, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం యూఎన్‌డీపీల అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉన్న వితంతువుల్లో 90 శాతానికి పైగా అత్తింట ఉండటం లేదు. దాదాపు 80 శాతం మందికి భర్త ఆస్తిలో వాటా దక్కలేదు. తాకితే వ్యాధి అంటుతుందన్న అపోహ ఒక్కటే ఇంతమందిని గడప దాటించిందనడం కష్టం. వైద్యానికి అప్పటికే ఎకరమో అరెకరమో అమ్ముకున్న కుటుంబంలో మిగిలినదాన్ని కాపాడుకోవడానికి అపోహ ఒక సాకు కూడా అయింది.

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఏఆర్‌టీని, అంటే వైరస్‌ను అణచి ఉంచే మందులను, ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. 2017 నుంచి వ్యాధి బయటపడిన ప్రతి ఒక్కరికీ వెంటనే మందు మొదలుపెట్టే విధానం వచ్చింది. వెలి సడలడానికి ప్రచారం కన్నా ఇదే పెద్ద కారణమనిపిస్తుంది: మంచాన పడినవాడు లేచి తిరిగి కూలికి పోవడాన్ని చూసిన ఊరికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. అయినా తెలిసినవారి కంట పడకూడదని దగ్గరి ఏఆర్‌టీ కేంద్రాన్ని వదిలి దూరపు కేంద్రానికి వెళ్లేవారు ఉన్నారు. దినకూలీకి ఆ దాపరికం ఖరీదు ఒక రోజు కూలి, బస్సు చార్జీ.

నేటి స్థితిని విజయగాథగా చెప్పడం తొందరపాటు. 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో వ్యాధి దేశంలో 0.21 శాతం కాగా తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. రెండు రాష్ట్రాలూ బాధితులకు నెలవారీ పింఛను ఇస్తున్నాయి, అది నిజమైన ఆసరా. అయితే దానికి దరఖాస్తు చేసుకోవాలంటే దాచుకున్న వ్యాధిని కాగితం మీద రాసివ్వక తప్పదు.

2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వైద్యంలో, ఉద్యోగంలో, చదువులో వివక్షను నిషేధించింది. బాధిత స్త్రీలకు, పిల్లలకు ఉమ్మడి ఇంట నివసించే హక్కు ఇచ్చింది. తల్లిదండ్రులు బాధ్యతలు చూడలేని ఇంట్లో 12 ఏళ్లు నిండి సంసారం నడపగల అక్కో అన్నో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు సంరక్షకులుగా ఉండవచ్చని కూడా చెప్పింది. పేద కుటుంబం అసలు ఎక్కడ విరుగుతుందో గుర్తించిన నిబంధనలివి. అదే చట్టం చికిత్స దగ్గరికి వచ్చేసరికి వీలైనంత వరకు అందించాలని మాత్రమే అనడం పెద్ద లోపం. ఇంటి హక్కు కోసం అత్తమామలతో తగాదా పడే స్తోమత ఒంటరి కూలి స్త్రీకి ఎక్కడిదన్న ప్రశ్నకు కూడా అందులో తగిన జవాబు లేదు.

మందు ఎందరికి చేరిందో ప్రభుత్వాలు లెక్క చెబుతున్నాయి. భర్త పోయాక ఎందరు స్త్రీలు అత్తింట నిలవగలిగారో, ఎందరికి భూమిలో వాటా దక్కిందో, ఎంతమంది గర్భిణులను ప్రైవేటు ఆసుపత్రులు ఇప్పటికీ తిప్పి పంపుతున్నాయో కూడా జిల్లాల వారీగా ఏటా ప్రకటించాలి.